లక్ష్యాన్ని ఎలా చూడాలి? హిందూ ఆలోచన, బౌద్ధం, సైన్స్: ఎవరికి ఏది సరిపోతుంది

గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే పిల్లలకు మన దగ్గర మూడు రకాల సలహాలు దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు "నీ పని నువ్వు చెయ్ బిడ్డా, ఫలితం దేవునికి వదిలెయ్" అంటారు. ధ్యానం నేర్పేవాళ్లు "కోరికే దుఃఖానికి మూలం" అంటారు. యూట్యూబ్‌లో కోచింగ్ సారు "గోల్ రాసి గోడకు అతికించు, రోజూ కొలుచుకో" అంటాడు. మూడూ ఏళ్ల తరబడి ఆలోచించినవాళ్ల మాటలే. కానీ మూడింటినీ ఒక్కసారే పాటించాలని చూస్తే అయోమయమే మిగులుతుంది. ఫలితం గురించి ఆలోచించొద్దన్నప్పుడు దాన్ని గోడకు ఎందుకు అతికించాలి? కోరికే తప్పయితే అసలు అప్లికేషన్ ఎందుకు పెట్టాలి?

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు వైపు ఉండి ఇలాంటి అయోమయంలో పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దేవుడున్నాడా, పునర్జన్మ ఉందా అనే చర్చలోకి పోను. ఒక మనిషి తన లక్ష్యాన్ని ఎంచుకోవడానికి, దాని కోసం పనిచేయడానికి, అవసరమైతే దాన్ని వదులుకోవడానికి ఈ మూడు ఆలోచనల్లో ఏది ఎంతవరకు సాయం చేస్తుందన్నదే ఇక్కడి విషయం.

## ముందుగా ఏ ప్రశ్నలు అడగాలి

నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఈ లక్ష్యం నిజంగా నాదేనా, ఎవరైనా నా నెత్తిన పెట్టారా అని తేల్చుకోవడానికి ఈ ఆలోచన పనికొస్తుందా? రేపు పొద్దున లేచి ఏం చేయాలో చెబుతుందా? ఫలితం తప్పితే మనిషిని నిలబెడుతుందా? లక్ష్యమే తప్పని తెలిస్తే దాన్ని వదిలే దారి చూపిస్తుందా?

ఈ నాలుగింటిలో మొదటిదానికి, చివరిదానికి ఎక్కువ మార్కులు వేస్తాను. మన ప్రాంతంలో కష్టపడటం తెలియక చెడిపోయినవాళ్లు నాకు పెద్దగా కనపడరు. దుందుభి వాగు ఎండిపోతే ముంబై, పుణె దాకా పోయి మట్టి పని చేసి ఇల్లు నిలబెట్టిన కుటుంబాలు పాలమూరువి. వాళ్లకు కష్టం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరో పెట్టిన లక్ష్యాన్ని మోయడం దగ్గర, తప్పని తెలిశాక కూడా దాన్ని దించలేకపోవడం దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు.

## హిందూ ఆలోచన: నాలుగు లక్ష్యాలు, వాటికొక హద్దు

యాదగిరిగుట్టలో సత్యనారాయణ వ్రతానికి కూర్చున్న ప్రతివాళ్లూ సంకల్పంలో "ధర్మార్థ కామ మోక్ష చతుర్విధ ఫల పురుషార్థ సిద్ధ్యర్థం" అనే మాట వినే ఉంటారు. పంతులుగారు వేగంగా చదివేస్తారు కాబట్టి పట్టించుకోం. మనిషి కోరదగినవి నాలుగు అని అందులో ఉంది. న్యాయంగా బతకడం, సంపాదన, సుఖం, విముక్తి. డబ్బు, సుఖం కూడా ఆ పట్టికలో దర్జాగా ఉన్నాయి. సంపాదించాలనుకోవడం నీచమనే భావం ఇందులో లేదు. సంపాదన, సుఖం రెండూ ధర్మం దాటిపోకూడదు, అంతే. ఇల్లు గడవక బెంగపడేవాళ్లకు ఇది పెద్ద ఊరట. "డబ్బు కోసం ఉద్యోగం కావాలి" అని సిగ్గుపడకుండా చెప్పుకోవచ్చు.

లక్ష్యం నాదేనా అని తేల్చుకోవడానికి కఠోపనిషత్తులో గట్టి పరీక్ష ఉంది. నచికేతుడికి యముడు పశువులు, బంగారం, దీర్ఘాయుష్షు, సంతానం అన్నీ ఇస్తానంటాడు. ఆ పిల్లవాడు వాటిని కాదని, చావు తర్వాత ఏముంటుందో చెప్పమంటాడు. అప్పుడు యముడు మనిషి ముందుకు శ్రేయస్సు, ప్రేయస్సు అని రెండూ వస్తాయని, మేలు చేసేదాన్ని, ఇంపుగా ఉండేదాన్ని విడదీసి చూడగలవాడే ధీరుడని చెబుతాడు. ఉద్యోగం, పెళ్లి, వ్యాపారం, దేనికైనా ఈ ప్రశ్న వేసుకోవచ్చు.

ఫలితం తప్పినప్పుడు అందరికీ గుర్తొచ్చేది గీత రెండో అధ్యాయంలోని 47వ శ్లోకం. "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" దాకా అందరూ చెబుతారు. ఆ శ్లోకం అక్కడితో అయిపోలేదు. "మా కర్మఫలహేతుర్భూః మా తే సంగోఽస్త్వకర్మణి" అని ఇంకో సగం ఉంది. పని మానేయడం మీద కూడా మోజు పెట్టుకోకని దాని భావం. ఫలితం దేవుడిదని చెప్పి చదవకుండా కూర్చునేవాడికి గీతలో చోటు లేదు. మొదటి సగం ఒక్కటే వాడి పిల్లల్ని ఓదార్చే పెద్దలు రెండో సగం కూడా చెప్పాలని నా విన్నపం.

మోక్షం విషయంలో అద్వైతులు (జీవుడు, పరమాత్మ ఒక్కటే అనేవాళ్లు) చెప్పేది మిగతా లక్ష్యాలకు పూర్తిగా వేరు. వాళ్ల కథ ఒకటుంది. పదిమంది ఏరు దాటి ఒడ్డున లెక్కపెట్టుకుంటే తొమ్మిదిమందే వస్తారు. ఎవరికివారు తనను వదిలేసి లెక్కపెట్టడమే కారణం. ఒకడు పోయాడని ఏడుస్తుంటే దారిన పోయేవాడొచ్చి "పదోవాడివి నువ్వే" అంటాడు. ఇక్కడ కొత్తగా సంపాదించింది ఏమీ లేదు, ఉన్నదాన్ని గుర్తుపట్టారంతే. ఈ దారి పరీక్షకు చదివేవాళ్లకు పనికిరాదు. అన్నీ సాధించి కూడా వెలితిగా ఉన్నవాళ్లు దీన్ని తప్పక చూడాలి.

ఇక ఇబ్బంది. గీతలోని స్వధర్మం అనే భావాన్ని మన సమాజం చాలాకాలం కులానికి కట్టేసింది. "నీ తాత చేసిన పనే నీ ధర్మం" అని చెప్పి ఎంతమంది పిల్లల లక్ష్యాలను పుట్టకముందే తేల్చేశారో నల్గొండ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకోవడానికి ఈ కట్టుబాటు పెద్ద కారణం. కాబట్టి స్వధర్మం అన్న మాటను మీ స్వభావానికి, మీ బాధ్యతకు వర్తింపజేసుకోండి. పుట్టుకను బట్టి ఎవరైనా దాన్ని మీకు అంటగడితే ఒప్పుకోకండి.

## బౌద్ధం: లక్ష్యాన్ని కోరే మనసునే పరీక్షించడం

కోరికే దుఃఖ కారణమైతే, కోరికను పోగొట్టుకోవాలన్న కోరిక మాటేమిటి? ఈ ప్రశ్న ఈనాటిది కాదు. కౌశాంబిలో ఘోషితారామం అనే తోటలో ఉన్న బుద్ధుడి శిష్యుడు ఆనందుడిని ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు సరిగ్గా ఇదే అడిగాడని బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో ఉంది. కోరికతోనే కోరికను పోగొట్టుకుంటే ఆ పనికి అంతు ఉండదు కదా అన్నాడు. ఆనందుడు తిరిగి అడిగాడు: "ఈ తోటకు రావాలని నీకు ఇంతకుముందు కోరిక ఉందా? వచ్చాక అది తీరి చల్లారిందా?" ఉణ్ణాభుడు అవునన్నాడు. ప్రయత్నం, ఆలోచన కూడా అలాగే చల్లారాయని ఒప్పుకున్నాడు. గమ్యం చేరాక ఆగిపోయే కోరిక ఒక రకం. చేరినా ఆగక ఇంకొకటి అడిగే దాహం ఇంకో రకం. మొదటిదాన్ని బౌద్ధం తప్పు పట్టదు. పైగా సాధనకు పునాదులైన నాలుగు ఇద్ధిపాదాల్లో మొదటిది ఛందం, అంటే చేయాలన్న గట్టి ఇష్టమే. నాకు బౌద్ధంలో అన్నిటికంటే విలువైనది ఈ తేడాయే.

మీ లక్ష్యాన్ని ఈ తేడాతో పరీక్షించండి. టీచర్ ఉద్యోగం వస్తే నా మనసు కుదుటపడుతుందా? లేక మూడో నెలకే పక్కవాడి హోదాతో పోల్చుకోవడం మొదలవుతుందా? రెండోదే అయితే ఉద్యోగం వచ్చినా మీ బాధ తీరదు. పరీక్షకు ముందే ఈ సంగతి తెలిస్తే మంచిది.

రోజువారీ పని గురించి కూడా బౌద్ధం చాలా చెప్పింది. సోణుడనే భిక్షువు పాదాల నుంచి రక్తం కారేదాకా నడుస్తూ సాధన చేసి, ఫలితం రాక, ఇంటికి పోదామనుకున్నాడు. అతను ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగలు మరీ బిగిస్తే పలికిందా, మరీ వదులు చేస్తే పలికిందా అని బుద్ధుడు అడిగాడు. ప్రయత్నాన్ని కూడా అలాగే సరిచేసుకోమన్నాడు. రాత్రి రెండింటిదాకా మేలుకుని పొద్దున మళ్లీ లైబ్రరీకి పోయే పిల్లలకు ఇది సూటిగా తగులుతుంది.

బౌద్ధం సన్యాసులకే అనుకునేవాళ్లు అంగుత్తర నికాయమనే ఇంకో బౌద్ధ గ్రంథంలో దీఘజాణు అనే గృహస్థుడికి బుద్ధుడు చెప్పింది చూడాలి. ఈ లోకంలో బాగుండటానికి నాలుగు చెప్పాడు: పనిలో శ్రద్ధ, సంపాదించింది కాపాడుకోవడం, మంచి స్నేహం, రాబడికి తగ్గ ఖర్చు. ఏ వృత్తి ఎంచుకోవాలో మాత్రం బౌద్ధం చెప్పదు, ఏవి వద్దో చెబుతుంది. ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఈ ఐదు వ్యాపారాలు ఉపాసకుడు చేయకూడదు. ఇదే దీని లోటు కూడా. గ్రూప్ 2 రాయాలా, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, బత్తాయి తోట పెట్టాలా అని అడిగితే బౌద్ధం దగ్గర సూటి జవాబు లేదు.

లక్ష్యాన్ని వదలడంలో మాత్రం దీనికి సాటి లేదు. మజ్ఝిమ నికాయంలో తెప్ప ఉపమానం ఉంది. ఏరు దాటడానికి కట్టుకున్న తెప్పను ఒడ్డు చేరాక నెత్తిన పెట్టుకుని తిరగవద్దని బుద్ధుడు తన బోధ గురించే చెప్పాడు. తన మాటను కూడా అవసరం తీరాక దించేయమనే గురువులు అరుదు.

## సైన్స్: ప్రకృతికి లక్ష్యం లేదు, మనిషి లక్ష్యాన్ని మాత్రం కొలవొచ్చు

సైన్స్ రెండు వేర్వేరు మాటలు చెబుతుంది. వాటిని కలపొద్దు.

మొదటిది ప్రకృతి గురించి. ప్రతి వస్తువుకూ ఒక అంతిమ ప్రయోజనం ఉంటుందని అరిస్టాటిల్ అన్నాడు. 1859లో డార్విన్ చూపించింది వేరు. కన్ను చూడటం కోసమని ఎవరూ ముందుగా అనుకుని చేయలేదు, చిన్న చిన్న మార్పుల్లో బతకడానికి పనికొచ్చినవి నిలిచాయి. 1943లో రోజెన్‌బ్లూత్, వీనర్, బిగెలో అనే శాస్త్రవేత్తలు లక్ష్యం వైపు నడిచే ప్రవర్తనను ఫీడ్‌బ్యాక్‌తో వివరించారు. గమ్యానికి, ఇప్పుడున్న చోటుకు తేడా ఎంతో చూసుకుంటూ సరిచేసుకోవడమే లక్ష్యం ఉన్నట్టు ప్రవర్తించడం. అందుకే యంత్రానికి కూడా లక్ష్యం ఉండొచ్చు. "నా పుట్టుకకు అర్థమేంటి" అని సైన్స్‌ను అడిగితే జవాబు రాదు. అది సైన్స్ తప్పు కాదు, ఆ ప్రశ్న దాని పరిధిలోది కాదు.

రెండోది మనిషి పెట్టుకున్న లక్ష్యం గురించి. ఇక్కడ సైన్స్ ఎంత బలమైనదో నల్గొండకు ఎవరూ చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన జిల్లా ఇది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టారు. నాగ్‌పూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతి కనిపెట్టింది. దాన్ని దేశవిదేశాల్లో నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు. రోజూ సరైన మోతాదులో కలపాలి, అడుగున చేరే మడ్డిని ఎక్కడో పారబోయాలి, అందుకే అది అన్ని ఊళ్లలో నిలవలేదు. తర్వాత ఆలోచన మారింది. భూమిలోని నీళ్లను శుభ్రం చేసే బదులు కృష్ణా నీళ్లనే పైపుల్లో తేవడం మొదలైంది. 2015లో ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే పెట్టారు. పిల్లల ఎముకలు గట్టిగా ఉండాలన్న లక్ష్యం అలాగే ఉంది, దారి మాత్రం మారింది. మంచి సైన్స్ పద్ధతి ఇలాగే ఉంటుంది, దారి మీద మమకారం పెట్టుకోదు.

పిల్లల ఎముకలు ముఖ్యమని మాత్రం ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు. అది మనం ముందే నిర్ణయించుకున్నది. ఉన్నదాని నుంచి ఉండవలసినదాన్ని నేరుగా రాబట్టలేమని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ పద్దెనిమిదో శతాబ్దంలోనే ఎత్తి చూపాడు.

చదివేవాళ్లకు పనికొచ్చే పరిశోధనలు కొన్ని చెబుతాను. మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1968 నుంచి చేసిన పనిలో "నీ చేతనైనంత చెయ్" అన్నదానికంటే స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఇస్తే పని బాగా జరుగుతుందని తేలింది. కానీ పని కొత్తదీ చిక్కైనదీ అయితే మార్కుల టార్గెట్ కంటే నేర్చుకునే టార్గెట్ మేలు. పీటర్ గోల్విట్జర్ "ఫలానా సమయానికి ఫలానా చోట ఫలానా పని చేస్తాను" అని ముందే తేల్చుకుంటే అనుకున్నది జరిగే అవకాశం పెరుగుతుందని చూపించాడు. వుల్ఫ్రం షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. మొదట్లో అవి పళ్లరసం అందినప్పుడు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక రసం రాబోతోందని చెప్పే గుర్తు కనపడగానే స్పందించాయి, రసం అందినప్పుడు మామూలుగానే ఉన్నాయి. రావలసిన సమయానికి రాకపోతే వాటి చురుకు పడిపోయింది. ఈ ఒక్క ప్రయోగంతో మనిషి జీవితమంతా వివరించలేం. అయినా సెలెక్షన్ లిస్టు చూసుకున్న రోజున ఉన్న సంతోషం కొలువులో చేరాక ఎందుకు తగ్గుతుందో కొంత అర్థమవుతుంది.

## కృష్ణ ఒడ్డున మూడూ ఒక్కచోట

నాగార్జునసాగర్ చూసినవాళ్లకు ఈ పోలిక కళ్లముందే ఉంటుంది. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. వాళ్లలో శాంతమూలుడు అశ్వమేధమనే వైదిక యాగం చేసిన రాజు. ఆయన సోదరి శాంతిశ్రీ అక్కడి పెద్ద బౌద్ధ స్తూపమైన మహాచైత్యాన్ని పోషించింది. తాను నిలబెట్టించిన స్తంభాల మీద అది ఎందుకో కూడా రాయించింది: తన రెండు కుటుంబాల హితసుఖాల కోసం, తనకు నిర్వాణ సంపద కోసం, లోకమంతటి మేలు కోసం. ఒకే ఇంట్లో సోదరుడి లక్ష్యం ఒకటి, సోదరి లక్ష్యం ఇంకొకటి. ఇల్లు విడిపోలేదు.

1955 డిసెంబర్ 10న అక్కడే డ్యాంకు పునాది పడింది. లోయను తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి, మిగతాది నీటిలో ముంచారు. 1967లో నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరి పొలాలయ్యాయి. ఇంజనీర్లు పెట్టుకున్న లక్ష్యం నెరవేరింది, దాని కోసం ఒక పాత నగరం మునిగింది. లాభనష్టాలు లెక్కవేయడం సైన్స్‌కు తెలుసు. ఆ మార్పిడి సరైనదేనా అన్నది మనుషులు తేల్చుకోవాలి.

## పట్టికలో చూస్తే

| ప్రశ్న | హిందూ ఆలోచన | బౌద్ధం | సైన్స్ |
|---|---|---|---|
| లక్ష్యం నాదేనా? | శ్రేయస్సా, ప్రేయస్సా అని అడుగుతుంది. కులం పేరిట వక్రీకరించే ప్రమాదం ఉంది | కోరికనే పరీక్షిస్తుంది, ఇక్కడ అన్నిటికంటే గట్టిది | పెద్దగా చెప్పలేదు |
| రేపు ఏం చేయాలి? | బాధ్యతను గుర్తుచేస్తుంది, వివరం తక్కువ | ప్రయత్నంలో సమతూకం | చాలా బలమైనది |
| ఫలితం తప్పితే? | గీత శ్లోకం, రెండు సగాలూ | దాహాన్ని గుర్తుపట్టడం | ఎక్కడ తప్పిందో చూపిస్తుంది, ఓదార్చదు |
| ఎలా వదలాలి? | కర్తవ్యం అనుకుంటే వదలడం కష్టం | తెప్పలా దించేయొచ్చు | లెక్క తప్పిందని తేలితే వదలమంటుంది |

## ఎవరు ఏది పట్టుకోవాలి

నోటిఫికేషన్ కోసం చూస్తూ మూడు నాలుగేళ్లుగా చదివేవాళ్లు ముందు బౌద్ధంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఆనందుడు ఉణ్ణాభుడిని అడిగిన ప్రశ్న వేసుకోండి. ఈ కొలువు నాకు కావాలా, నలుగురిలో తలెత్తుకోవడానికి కావాలా? నిజంగా కావాలనిపిస్తే అక్కడి నుంచి సైన్స్ పద్ధతి పట్టుకోండి. ర్యాంకును గోడకు అతికించొద్దు. "పొద్దున ఆరింటికి పాలిటీ, రాత్రి తొమ్మిదింటికి పాత పేపర్ ఒకటి" అని అతికించండి. ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపాలో ఈరోజే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోండి. రిజల్ట్ వచ్చిన రోజు ఆ నిర్ణయం తీసుకోలేరు.

బోర్ల మీద బోర్లు వేస్తున్న రైతులకు సైన్స్ ముందు. మూడు బోర్లు ఫెయిలయ్యాక నాలుగోది వేయించేది నీళ్ల మీద నమ్మకం కంటే పోయిన పైసల మీద బాధ. ఇప్పటికే పెట్టిన ఖర్చు మనిషిని తప్పు దారిలోనే ముందుకు తోస్తుందని ఆర్క్స్, బ్లూమర్ 1985లో ప్రయోగాలతో చూపించారు. నాలుగో బోరు వేసే ముందు ఒక్కటే అడగండి: ఇంతకుముందు ఒక్క బోరు కూడా వేయకపోయి ఉంటే, ఇవ్వాళ ఈ చోట ఈ అప్పుతో వేయించేవాణ్నా? భూగర్భ జల శాఖవాళ్ల సర్వే లేకుండా మాత్రం జవాబు చెప్పుకోకండి. రైతుకు వ్యవసాయమే ధర్మమని చెప్పి అతన్ని ఇంకా అప్పులోకి తోసేవాళ్ల మాట ఈ సమయంలో వినొద్దు. నేల మీద ప్రేమ ఉంటే తక్కువ నీటి పంటల వైపు పోవడం కూడా ఆ ప్రేమలోదే.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. 1971లో ఎడ్వర్డ్ డెసీ పజిల్స్ ఇష్టంగా చేసే విద్యార్థులకు డబ్బు ఇచ్చి చూశాడు. డబ్బు ఆపేశాక వాళ్ల ఇష్టం తగ్గింది. "ర్యాంకొస్తే బండి కొనిస్తా" అనే ముందు ఇది గుర్తు పెట్టుకోండి. పిల్లల లక్ష్యం మీరు ఎంచే హక్కు ఈ మూడు ఆలోచనల్లో ఏదీ మీకు ఇవ్వలేదు. నచికేతుడు కూడా తండ్రి మీద ప్రశ్న వేసినవాడే.

పిల్లల పెళ్లిళ్లు చేసి, రిటైరై, ఇక ఏముందని అనిపించేవాళ్లకు హిందూ ఆలోచన దగ్గరగా ఉంటుంది. జీవితంలో ఒక్కో దశకు ఒక్కో లక్ష్యం ముందుకొస్తుందని, సంపాదన వెనక్కి పోవడం ఓటమి కాదని అది చెబుతుంది. ఫణిగిరి కొండెక్కి పాత బౌద్ధ విహారాలు చూసినా, సాగర్‌లో బుద్ధవనం చుట్టివచ్చినా, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కూర్చున్నా ఆ వయసులో కొత్త ప్రశ్నలు పుడతాయి. వాటికి తొందరగా జవాబులు వెతక్కండి.

వలసపోయి ఇల్లు నడిపేవాళ్లకు ఏది చెప్పాలన్నా ముందు జాగ్రత్తగా ఉండాలి. "కోరిక తగ్గించుకో" అన్న మాట కడుపు నిండనివాడికి చెప్పేది కాదు. దీఘజాణుకు చెప్పిన నాలుగు మాటలు, అందులోనూ సంపాదించింది కాపాడుకోవడం, ఇక్కడ నేరుగా పనికొస్తాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునే ముందు లెక్క రాయించుకోవడం, బ్యాంకులో పైసలు వేసుకోవడం కూడా అందులోవే.

## కలిపి వాడేటప్పుడు

ఒకదాని మాట ఇంకొకదాని చోట వాడితేనే గొడవ. ధ్యానం చేస్తే మార్కులు పెరుగుతాయని అమ్మేవాళ్లు బౌద్ధాన్ని దాహం తీర్చే సాధనంగా మారుస్తున్నారు. బుద్ధుడు తగ్గించమన్నది ఆ దాహాన్నే. ప్రతి ఆచారానికీ సైంటిఫిక్ రీజన్ ఉందని చెప్పేవాళ్లు రెండింటికీ నష్టం చేస్తున్నారు. పరీక్షించి తప్పని తేలితే ఆ ఆచారం వదులుతారా అని అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు. కొలత చుట్టూ తిరిగేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ఒక కొలతనే లక్ష్యం చేసుకుంటే అది మంచి కొలతగా మిగలదు. మాక్ టెస్టు మార్కుల కోసం చదివే పిల్లవాడికి మాక్ టెస్టే బాగా వస్తుంది.

ఒక్కటే ఎంచుకోమంటే నేను బౌద్ధం ఎంచుకుంటాను, కోరే మనసును కూడా ప్రశ్నించే ధైర్యం మూడింటిలో దానికే ఎక్కువ ఉంది కాబట్టి. ఇంటి అద్దె కట్టాల్సినవాళ్లకు, నెలాఖరుకు ఫీజు కట్టాల్సినవాళ్లకు అదే చెప్పను. వాళ్లు ఈ వారం సైన్స్ చెప్పినట్టు టైంటేబుల్ వేసుకుని పనిలో దిగాలి. ఆనందుడి ప్రశ్నకు ఒక ఆదివారం సాయంత్రం చాలు.